ఏ దేశమువారని వ్రాయుదుము?

మా పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరు అను పెద్ద పుస్తకమొకటి గలదు. అందు బాలుని పేరు, తండ్రిపేరు, పుట్టిన తేది, మాతృభాష మొదలగు గడులతోపాటు జాతీయత అను గడియు నొకటి యుండును. మేము పూర్వము పనిచేసిన గ్రామములలో నీ గడిని ఎవ్వరిని అడుగకయే పూరించి పుట త్రిప్పెడివారము. అడుగవలసిన ప్రశ్న యని మాకెన్నడును తోచలేదు. జల్‌పల్లికి వచ్చిన పిమ్మటనే మా కలము ఆ గడికడ నాగసాగినది.

జల్‌పల్లి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున, నగరము పలుచనై రాతిగుట్టలు మొదలగుచోట నున్నది. ఒక చెరువు, దానిచుట్టు ఒకప్పటి పొలములు, ఇప్పటి యిండ్లు. ఒకవైపు పహాడీ షరీఫు గుట్టమీది దర్గా, వేరొకవైపు బాలాపూరు, చేరువనే జామపండ్లకు పేరొందిన బార్కసు. తరతరములుగా సేద్యము చేసిన తెలుగు కుటుంబములు ఇచ్చట నున్నవి. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాటలాడువారున్నారు. అరబ్బు సైనికుల సంతతివారున్నారు. కూలికై ఉత్తరదేశమునుండి వచ్చినవారున్నారు. అరకాను దేశమునుండి ప్రాణములు దక్కించుకొని వచ్చి గుడిసెలు వేసికొన్నవారును ఉన్నారు. ఇందరి బిడ్డలును ఒక్క కప్పుక్రింద కూర్చుండి ఎక్కములు వల్లించుచుందురు.

ఒకనాడు బార్కసునుండి యొక పెద్దమనిషి తన మనుమని చేర్పింప వచ్చెను. మేము మాటవరుసకు “మీరు చావుషులు కారా?” యని యడిగితిమి. ఆయన నవ్వి, “మాస్టరు సాబ్, ఆ మాట మీరనునది. మా తాత తన్ను హద్రమీ యని చెప్పుకొనెడివాడు. మా మేనమామ పెద్దల యూరు చూడవలెనని హద్రమౌతు పోగా అచ్చటివారాతనిని హిందీవాడనిరి. ఇచ్చట మమ్ము అరబ్బులందురు. నాకు తెలిసిన యూరు బార్కసు. మీకేది సులువో అది వ్రాసికొనుడు” అనెను. మేము భారతీయుడని వ్రాసితిమి. చట్టప్రకారము అందు సందేహమేమియు లేదు. కాని “మీకేది సులువో” యన్న మాట మాత్రము మమ్ము విడువలేదు. ఒక జనమునకు పెట్టబడిన పేరులో ఎంతపాలు వారిది, ఎంతపాలు వ్రాసికొనువాని సౌకర్యము? ఈ వ్యాసమునకు ప్రేరకమైనది ఆ ప్రశ్నయే.

చావుష్ అనునది అసలు అరబ్బీమాట గాదు. అది తురుష్కభాషలో ఒక చిన్న సైనికాధికారిహోదాకు పేరు. బార్కసు అనగా ఇంగ్లీషువారి బ్యారక్సు. దక్షిణ అరేబియానుండి వచ్చిన జనమునకు తురుష్కుల సైనికపదము కులనామమైనది, ఆంగ్లేయుల సైనికపదము ఊరిపేరైనది. వారి స్వదేశనామమైన హద్రమౌతు మాత్రము మన నోట నిలువలేదు. ఇప్పుడు విద్యావంతులు కొందరు వీరిని యెమెనీయులని సవరింప జూచుచున్నారు. అదియు సరికాదు. వీరి పూర్వులు పందొమ్మిదవ శతాబ్దమున నిజాము కొలువునకు వచ్చునాటికి హద్రమౌతు యెమెను రాజ్యములోనిది గాదు. అది 1967లో దక్షిణ యెమెనులో చేరినది. ఉత్తర దక్షిణములు రెండును ఏకమైనది 1990లో. తాత వచ్చిన నూరేండ్లకు పుట్టిన రాజ్యమును తాత నుదుట వ్రాయుట యెట్లు?

ఈ రెండు దేశముల నడుమ నడచిన చరిత్ర విచిత్రమైనది. ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ యను హద్రమీ హైదరాబాదు సైన్యమున జమేదారుగా నుండి ధనమార్జించెను. ఆ ధనముతో ఆతడును ఆతని కుమారులును స్వదేశమున కోటలు పట్టి, 1881లో ముకల్లా రేవును వశపరచుకొని, 1967 వరకు నిలిచిన రాజవంశమును స్థాపించిరి. ఇచ్చటి జమేదారు కుటుంబము అచ్చట సుల్తానులైనది. మఱియొక సంగతి. ఇతరులు తమకు పెట్టిన పేరులవలన నొచ్చుకొను హద్రమీలలోనే విలాయతీ, మువల్లద్ అను భేదము గలదు. అరేబియాలో పుట్టినవాడు విలాయతీ. పరదేశమున పరజాతి తల్లికి పుట్టినవాడు మువల్లద్. ఒకే తండ్రికి పుట్టిన అన్నదమ్ములలో నొకడు విలాయతీ, ఒకడు మువల్లద్ కావచ్చును. పేరుతో గీతగీయు అలవాటు పాలకులకే గలదని తలచుట పొరపాటు.

1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసు చర్య పిమ్మట ఈ గీత ప్రాణాంతకమైనది. అరబ్బులు, పఠానులు అని పేరుబడినవారిని అనేకులను నిర్బంధించి, విదేశీయులని యెంచి, సముద్రము దాటించిరి. రజాకారుల దౌర్జన్యములను చూచిన ప్రజల భయమును మేము తేలికగా త్రోసివేయము. ఆ దౌర్జన్యములలో పాల్గొన్న అరబ్బులును ఉండిరి. కాని హైదరాబాదులోనే పుట్టి, హైదరాబాదీ తల్లిపాలు త్రాగి, అరేబియాను కన్నులజూడనివాడు ఏ దేశమునకు మరలిపోవలెను? పంపుటకు పేరొకటి చాలును, దిగుటకు ఊరొకటి కావలెను గదా.

మన భాషయే ఈ విషయమున సాక్ష్యము చెప్పుచున్నది. పరదేశి యనగా నన్యదేశమువాడని మాత్రమే అర్థము. కాని తెలుగునాట అవ్వ యెవరినైనను చూపి “పాపము, పరదేశి” యన్నచో ఆమె భావమునందు ఆ మనుష్యుడు దిక్కులేనివాడు. గరీబు అను మాటయు నట్టిదే. అరబ్బీలో గరీబనగా క్రొత్తవాడు, విదేశీయుడు. బహమనీ రాజ్యమున పారసీకము మొదలగు దేశములనుండి వచ్చిన ప్రభువులను ఆఫాకీలనియు గరీబులనియు వ్యవహరించిరి. వారు పేదలు కారు సరికదా, రాజ్యము నేలినవారు. అట్టివారిలో గీలాను దేశమునుండి వచ్చిన మహమూద్ గవాను ప్రధానియై, దక్కనీ ప్రభువుల పగకు గురియై, 1481లో శిరచ్ఛేదము పొందెను. నాడు మంత్రికి చెల్లిన పేరు నేడు మన వీధిలో అన్నములేనివానికి చెల్లుచున్నది. ఊరు విడిచినవాని గతి యెట్లుండునో ప్రజలు చూచి చూచి ఆ మాటల యర్థమును మార్చిరి కాబోలు.

దక్కనీ, ఆఫాకీ వైరము నాలుగు శతాబ్దముల తరువాత వేరొక పేరుతో లేచినది. మొదటి సాలారు జంగు దివానుగా నుండిన కాలమున (1853-1883) పాలనను సంస్కరించుటకై ఉత్తర హిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించెను. 1884లో దర్బారు భాషగా పారసీకమునకు బదులు ఉర్దూ వచ్చినపుడు వారి ప్రాబల్యము మఱింత హెచ్చెను. కొలువులన్నియు పైవారికే పోవుచున్నవని స్థానికులు మొరపెట్టిరి. ముల్కు అనగా దేశము. దేశమువాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. 1888లో సర్కారు ఈ మాటకు హద్దు లేర్పరచెను: 15 ఏండ్లు స్థిరనివాసముండినవాడు, లేదా 12 ఏండ్లు ఎడతెగక కొలువుచేసినవాడు ముల్కీ. 1919లో ఏడవ నిజాము ఫర్మానాతో నియమములు స్థిరపడెను. పుట్టుకచేత ముల్కీ కావచ్చును. తండ్రి దీర్ఘకాల కొలువుచేత కావచ్చును. 15 ఏండ్లు నివసించి, స్వస్థలమునకు మరలిపోవు తలంపు మానుకొంటినని ప్రమాణపత్రము వ్రాసియిచ్చియు కావచ్చును. స్త్రీ యైనచో ముల్కీని పెండ్లాడినంతమాత్రముననే ముల్కీ యగును. ఈ తుది నియమమును వ్రాసినవారికి స్త్రీకి స్వంతముగా నొక దేశముండవచ్చునను తలంపే కలిగినట్లు లేదు.

ముల్కీ నియమములను ద్వేషమునకు మూలమని నిందించువారు పలువురున్నారు. మా యభిప్రాయము వేరు. ఆ నియమములో రక్తమునుగూర్చి గాని మతమునుగూర్చి గాని భాషనుగూర్చి గాని ప్రశ్న లేదు. క్రొత్తగా వచ్చినవాడు ఓపికపట్టినచో దేశమువాడు కాగల త్రోవ యందు గలదు. తన బిడ్డకు కొలువు కావలెనని కోరిన పేదరైతు కోరికయు ధర్మమైనదే. కీడు వచ్చినది దొంగపత్రములవలన. అంతకంటె మిక్కిలిగా, కొలువునకు సంబంధించిన మాట మనిషికి సంబంధించిన తిట్టుగా మారుటవలన.

ఆ మార్పు మా యింటనే జరిగినది. మా తాతగారు కృష్ణాతీరమునుండి వరంగల్లు ప్రాంతమునకు ఉపాధ్యాయుడై వచ్చిరి. 1952లో వరంగల్లున బయటి ఉపాధ్యాయుల నియామకమునకు వ్యతిరేకముగా మొదలైన యలజడి హైదరాబాదునకు ప్రాకెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ పరిసరములలో పోలీసులు కాల్పులు జరుపగా పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఇడ్లీ సాంబారు గోబ్యాకు అను కేక ఆనాటిదే. ఎదుటివారి వంటను పేరుచేసి తరుముట మనకు అంత పాత విద్య. తాతగారిని బడిపిల్లలే గైర్ ముల్కీ పంతులనిరట. సెలవులకు స్వగ్రామము పోయినచో అచ్చటి బంధువులు “మా నిజామువాడు వచ్చినాడు” అని నవ్వెడివారట. ఆయన రెండు మాటలను ఒకే తీరున నవ్వుచు చెప్పెడివారు. అందు మొదటిది చెప్పునపుడు కన్నులు నవ్వెడివి గావని మా నాయనమ్మ యనెడిది.

ఇందులో చదువరులు గమనింపదగిన విశేషమొకటి గలదు. ఆంధ్రుడు అను పేరును హైదరాబాదులో ప్రతిష్ఠించినది కోస్తా జిల్లాలవారు కారు, తెలంగాణమువారే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ మందిరమున కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినపుడు సభలోని ఇతరభాషీయులు గేలిచేసిరి. సంస్కార సభలోనే ఈ యనాచారము! తెలుగువారు లేచి వెలుపలికివచ్చి ఆంధ్ర జన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు ఆ యుద్యమమునకు ప్రాణమై నిలిచిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. అవమానములోనుండి ఆత్మగౌరవముగా పుట్టిన పేరది. ముప్పది యేండ్లు తిరుగునప్పటికి, ఆ మందిరమున్న నగరముననే, ఆంధ్రుడనగా అవతలివాడని యర్థము రాజొచ్చెను. 1956లో రాష్ట్రముల కూడిక జరుగునపుడు ఆంధ్ర-తెలంగాణ మను జంటపేరు మాటలలో వచ్చి తుదకు జారిపోయెను. 1969లో తెలంగాణమున నుద్యమము, 1972లో ముల్కీ నియమములు చెల్లునని సుప్రీముకోర్టు తీర్పునకు కోస్తాయందు ప్రత్యుద్యమము, 1973 చివర నియమముల రద్దు, 1975లో రాష్ట్రపతి యుత్తరువుతో ముల్కీ పోయి ‘స్థానికుడు’ వచ్చుట, 2014 జూన్ 2న రాష్ట్రము వేరగుట, ఇవి యెల్లరకు తెలిసినవే.

ఒక్క తెలంగాణమని యేల? తెలుగునేలలో ప్రాంతములకు వాడిన పేరులలో పెక్కు కచేరీకాగితముల పేరులు. సర్కారు జిల్లా లన్నపుడు మనము పలుకునది పారసీక పాలనాపదము. 1800లో నిజాము కుంఫిణీవారికి వదలుకొన్న జిల్లాలను శతాబ్దమునకు పైగా దత్తమండలములనిరి. అనగా ఒకడు ఇచ్చిన, ఒకడు పుచ్చుకొన్న సొమ్ము. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు తగదని రాయలసీమ యను పేరును సూచించిరి. ఒక జనము తనకు పెట్టబడిన పేరును త్రోసి తన పేరు తాను పెట్టుకొని, అది నిలుచుటకు ఇంతకంటె నిర్మలమైన నిదర్శనము మన చరిత్రలో మాకు కనబడదు.

ఆంధ్రశబ్దమునకును మొదట గౌరవము లేదు. ఐతరేయ బ్రాహ్మణమున విశ్వామిత్రుని శాపమువలన ఆర్యసీమకు వెలియైన జాతులలో ఆంధ్రులు పుండ్ర, శబర, పుళిందులతో కలిపి లెక్కింపబడిరి. లెక్కించినవారు ఉత్తరమువారు. ఆ పిమ్మట వచ్చిన విదేశీయులును మనకు తమకు తోచిన పేరులు పెట్టిరి. మద్రాసు ఇంగ్లీషువారికి మనము జెంటూలము; పోర్చుగీసువారు విగ్రహారాధకులకు వాడిన మాటనుండి వచ్చినది. 1816లో క్యాంబెలు దొర తెలుగు వ్యాకరణమును ప్రకటించినపుడు, జెంటూ యని వాడుకలోనున్న భాష యని శీర్షికలోనే చెప్పుకొనవలసివచ్చెను. బంగాళమున కుంఫిణీ సిపాయి తిలంగా యైనాడు, వాడు భోజపురమువాడైనను సరే. మలయాలో తమిళులను మనలను కలిపి క్లింగు లనిరి. కళింగశబ్దము అట్లు దిగజారినది.

బర్మాలో మనకు పెట్టిన పేరు కోరంగీ. గోదావరి ముఖమునొద్ద కాకినాడకు చేరువనున్న కోరంగి రేవునుండి తొలుత ఓడలు పోయెను. 1839 తుపానుతో ఆ రేవు పాడైనది. తరువాత రంగూను పోయినవారిలో పెక్కురు విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల కూలీలు. కోరంగిని కన్నెత్తి చూచి యెరుగరు. ఐనను అందరును కోరంగీలే. రంగూను రేవులో బరువులు మోసినది వారు. 1930 మే నెలలో వారు కూలిపెంపునకై సమ్మెచేయగా ఓడల యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే వారిని వెళ్లగొట్టిరి. ఈ రెండు పూటల లాభము యజమానులది. నెత్తురు మాత్రము కోరంగీలది. వీధులలో వెదకి వెదకి చంపిరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడినపిమ్మట వేలకొలది అడవులవెంబడి, అరకాను తీరమువెంబడి కాలినడకన మరలిరి. నిలిచినవారిలో పెక్కురు 1960 తరువాత, సైనికప్రభుత్వము అంగళ్లను వ్యాపారములను జాతీయము చేసినపుడు మరలిరి. విశాఖపట్టణమున వారు దిగిన చోటునకు బర్మాక్యాంపని పేరు. బర్మాలో కోరంగీలు, కోరంగియున్న దేశమునకు తిరిగివచ్చినచో బర్మావారు. ప్రభుత్వపత్రములలో వారిని కాందిశీకులనిరి. సంస్కృతమున ఈ మాటకు ‘ఏ దిక్కునకు పోదును?’ అను ప్రశ్నయే వ్యుత్పత్తి యని పెద్దలు చెప్పుదురు. ఇంత యథార్థమైన పేరు ఏ కచేరీయు మఱియెన్నడును పెట్టలేదు.

కోరంగీలు నడచివచ్చిన ఆ యరకాను తీరమునుండియే మా జల్‌పల్లి గుడిసెలవారును వచ్చిరి. వారు తమ్ము రోహింగ్యాలందురు. 1799లో బుకానను అను ఆంగ్లవైద్యుడు బర్మాభాషలనుగూర్చి వ్రాయుచు, అరకానులో చిరకాలముగా నున్న మహమ్మదీయులు తమ్ము రూయింగా యని చెప్పుకొందురని పేర్కొనెను. బర్మా ప్రభుత్వము ఆ పేరు నంగీకరింపదు, వారు బెంగాలీలనును. అచ్చటి 1982 పౌరసత్వచట్టమున ముఖ్యమైన కొలత 1823: ఆ యేటికి పూర్వమే అచ్చట స్థిరపడిన జాతులలోని వాడై యుండవలెను. గుర్తింపబడిన 135 జాతుల పట్టికలో వీరి పేరు లేదు. మన నిజాము 15 ఏండ్ల నివాసమడిగెను. మన రాజ్యాంగము 1950లో, ఈ దేశమున స్థిరనివాసము గలవాడు ఇచ్చట పుట్టియుండినను, తలిదండ్రులలో నొకరు ఇచ్చట పుట్టియుండినను, 5 ఏండ్లు వసించియుండినను చాలుననెను. తాను జీవించిన యేండ్లను చూపుట యెవనికైనను శక్యమే. తన జాతి పుట్టుటకుముందు రెండువందల యేండ్ల నాటి నివాసమును గుడిసెలోనివాడు ఏ కాగితముతో చూపును?

వీరు ఇచ్చట నుండదగునా లేదా యనునది ప్రభుత్వములును న్యాయస్థానములును తేల్చవలసిన విషయము. అందు మాకు తీర్పరితనము లేదు. మా తగవు మన యిండ్లతో. మా వీధిలో చదువుకొన్న తల్లులు పిల్లలతో “ఆ బర్మావాళ్లతో ఆడకు” అనుట వినుచున్నాము. బర్మావారు కారని బర్మా వెళ్లగొట్టినవారిని మనము బర్మావారని దూరము పెట్టుచున్నాము. అట్లే ఒక యింట ఆంధ్రోళ్లు, ఒక యింట చావుషోళ్లు, ఒక యింట బీహారోళ్లు. మా తాతగారిని గైర్ ముల్కీ యన్న బడిపిల్లలు ఆ మాటను ఏ ఫర్మానాలోను చదువలేదు. అన్నము తినుచు పెద్దలనోట వినిరి.

పోయిన జూనులో ఆ గుడిసెలనుండి యొక తండ్రి ఏడేండ్ల బాలికను వెంటబెట్టుకొని వచ్చెను. ఐక్యరాజ్యసమితివారి కార్డొకటి సంచిలోనుండి తీసి బల్లమీద నుంచెను. మాతృభాష గడిలో రోహింగ్యా యని వ్రాసితిమి. ఆ మాట వ్రాయునపుడు ఆతడు వంగి మా కలమును చూచెను, చదువురానివాడైనను. జాతీయత గడికడ మా గుమాస్తా “బర్మా యని వేయుడు సార్” అనెను. పుట్టిన దెచ్చటనని బాలిక నడిగితిమి. “ఇక్కడే, బాలాపూర్‌లో” అని తెలుగులో చెప్పినది. కలము ప్రక్కనబెట్టి పెన్సిలు తీసి మూడక్షరములు వ్రాసి తుడిచితిమి. ఆ గడి యిప్పటికి నట్లే యున్నది. బాలిక మాత్రము పదునైదవ యెక్కము వఱకు వచ్చినది.